భాగ్యరెడ్డి వర్మ చూసిన వెట్టి, సైబరాబాద్ చూడని వెట్టి

ఏటా మే 22న హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ జయంతి సభలు జరుగుతాయి. ఆది హిందూ ఉద్యమ నిర్మాత అనీ, తెలంగాణ దళిత చైతన్యానికి వైతాళికుడనీ వక్తలు ఆయనను కీర్తిస్తారు. రెండు మాటలూ నిజమే. అయినా ఆ సభల నుంచి బయటికి వచ్చిన ప్రతిసారీ నాకొక లోటు కనిపిస్తుంది. మనుషులను, అందులోనూ పిల్లలను, అప్పుకూ దొరకూ దేవతకూ అప్పజెప్పే వ్యవస్థ మీద ఆయన మూడు దశాబ్దాలు పనిచేశారు. ఆ పని గురించి మాట్లాడేవారు అరుదు. మాట్లాడితే అది 1939లో ఆయన మరణంతో ముగిసిన కథ కాదని ఒప్పుకోవలసి వస్తుంది. చాదర్‌ఘాట్ నుంచి గచ్చిబౌలి దాకా నడవవలసి వస్తుంది.

ఈ విషయంలో నేను తటస్థుణ్ని కాను. మాది పాలమూరు, మాదిగ కుటుంబం. మా తాత ఊళ్లో వెట్టి చేశాడు. మా నాయన గుంపు మేస్త్రి దగ్గర ముందస్తు డబ్బు తీసుకుని, 1990ల నడుమ మాదాపూర్ గుట్టల్లో రాళ్లు కొట్టాడు. ఆ ముందస్తు తీరకముందే మా చిన్న మేనత్తను నగరంలో ఒక ఉద్యోగస్తుల ఇంట్లో పనికి ఉంచారు. అప్పటికి ఆమెకు పదేళ్లు నిండలేదు. ఆరేళ్లు ఆ ఇంట్లో ఉంది. జీతం ఒక్కనాడూ ఆమె చేతికి రాలేదు, మేస్త్రి లెక్కలో జమ అయింది. ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కారని ఆమె ఇప్పటికీ చెబుతుంది. కొట్టలేదు, కడుపు నిండా పెట్టారు, బడికి మాత్రం పంపలేదు.

భాగ్యరెడ్డి వర్మ జీవితాన్ని నేను ఈ చివరి మాట దగ్గర మొదలుపెట్టి చదువుతాను.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తల్లి రంగమాంబ, తండ్రి మాదరి వెంకయ్య. పెట్టిన పేరు భాగయ్య. ఆ పేరును కుటుంబ గురువు భాగ్యరెడ్డిగా మార్చారు. ఈ నేలను ఒకప్పుడు ఏలినవారే తరువాత అంటరానివారయ్యారనీ, రెడ్డి అనే మాట రేడు నుంచి వచ్చిందనీ ఆ గురువు వాదన. వర్మ అనే బిరుదు 1913లో ఆర్యసమాజం ఇచ్చింది. రెండు ఆధిపత్య కులాల గుర్తులను పేరులో మోసిన దళిత నాయకుడని ఈనాటి విద్యార్థులు కొందరు నవ్వుతారు. నేను నవ్వను. కులం పేరు చెప్పగానే చేయవలసిన చాకిరీ ఏమిటో తేలిపోయే రాజ్యంలో, పేరు మార్చుకోవడం పని మార్చుకోవడంలో మొదటి మెట్టు. ఆ మెట్టు మీద ఆయన చివరిదాకా నిలబడ్డారు. 1917 నవంబరులో బెజవాడలో జరిగిన ఆంధ్రదేశ పంచమ మహాసభకు అధ్యక్షత వహించి, పంచమ అనే మాటనే తిరస్కరించి, ఆ సభను ఆది ఆంధ్ర మహాసభగా మార్పించారు. ప్రతినిధులు గుడిలోకి వస్తారేమోనన్న భయంతో ఆ రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసివేశారు. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులు అనే పేరు ఎక్కడం వెనుక కూడా ఆయన ఏళ్ల తరబడి పెట్టుకున్న అర్జీలున్నాయి.

యువకుడిగా ఆయన ఇల్లు విడిచి, దోస్ సాంతోస్ అనే కాథలిక్కు బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఇంటి పనివాడిగానే ఆ గడప తొక్కారు. ఆ ఇంట్లో ఆయనకు పుస్తకం అందింది, లోకం తెలిసింది. మా మేనత్త ఉన్న ఇంటికీ ఈ ఇంటికీ ఉన్న తేడా అంతే. అయితే ఆ తేడా యజమాని స్వభావాన్ని బట్టి వచ్చింది. పనివాడికి అందులో హక్కంటూ ఏమీ లేదు. తనకు ఒకరి మంచితనం వల్ల దక్కిన దానిని పరుల పిల్లలకు ఒక ఏర్పాటుగా దక్కించడానికి ఆయన మిగిలిన బతుకంతా ఖర్చయింది.

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన జగన్మిత్ర మండలి స్థాపించారు. ఆ మండలి పత్రికలతో కాక హరికథలతో, భజనలతో మొదలైంది. వినేవారిలో అక్షరం వచ్చినవారు బహు తక్కువ. 1911లో అది మాన్య సంఘమయింది. అమాన్యులుగా బతుకుతున్నవారి సంఘానికి మాన్య అని పేరు పెట్టడంలోని ఎత్తు గమనించదగినది. 1920ల మొదట్లో అదే ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్‌గా మారింది. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన రాయ్ బాల్‌ముకుంద్ వంటి పెద్దలు దానికి అండగా నిలిచారు.

ఆ సంఘాలు వాడవాడకూ మోసుకెళ్లిన కార్యక్రమం చూస్తే ఈనాటి పాఠకుడికి కొంత నిరుత్సాహం కలుగుతుంది. పెళ్లిళ్లలో, చావుల్లో కల్లు సారా మానాలి. విందుల ఖర్చు తగ్గించాలి. బాల్యవివాహాలు ఆపాలి. జంతుబలులు ఆపాలి. ఆడపిల్లలను దేవతలకు వదలకూడదు. ఇదంతా సంస్కృతీకరణ కాదా, పీడకుణ్ని వదిలి పీడితుణ్ని దిద్దడం కాదా అని విశ్వవిద్యాలయ చర్చల్లో నన్ను అడిగినవారున్నారు. జంతుబలుల విషయంలో ఆ విమర్శతో నాకూ పేచీ లేదు. పెళ్లి ఖర్చు విషయంలో ఉంది.

నిజాం రాజ్యపు పల్లెల్లో భగేలా అనే పద్ధతి ఉండేది. దళితుడో ఆదివాసీయో దొర దగ్గర అప్పు తీసుకుంటాడు. ఆ అప్పు చాలాసార్లు పెళ్లి కోసమే. అప్పు తీరేదాకా ఆ ఇంట్లో పనిచేయాలన్నది ఒప్పందం. తిండికి, బట్టకు, జబ్బు చేసి మానిన రోజులకు అప్పు పెరుగుతూనే ఉంటుంది. తండ్రి పోతే కొడుకు వస్తాడు. అంటే కొడుకు పుట్టకముందే, తండ్రి పెళ్లినాడే, ఆ కొడుకు తాకట్టు పడ్డాడన్నమాట. 1930లలో ఈ ఒప్పందాలను నియంత్రిస్తూ చట్టం తేవలసి వచ్చిందంటే ఆ పద్ధతి ఎంత విస్తారంగా ఉండేదో ఊహించవచ్చు. ఈ నేపథ్యంలో, పెళ్లి విందు తగ్గించుకొమ్మని వాడలో హరికథ చెప్పడం నీతిబోధ మాత్రమే కాదు. దొర వేసే ఉరిలో మొదటి ముడి అక్కడే పడుతుంది. భాగ్యరెడ్డి వర్మ ఈ లెక్కను ఇలాగే వేసుకున్నారని నేను ఆయన నోట పెట్టబోను. ఆయన చేసిన పని ఫలితం మాత్రం అటువైపే నడిచింది.

ఆడపిల్లల విషయంలో అంతటి సంకోచం అవసరం లేదు. ఊరిని బట్టి మురళి, బసివి, జోగిని అని పిలిచే ఆచారాన్ని ఆయన సంఘాలు సూటిగా ఎదుర్కొన్నాయి. పోచమ్మకో ఎల్లమ్మకో పసిపిల్లను పెళ్లి చేస్తారు. ఆ పిల్ల ఈడేరాక ఆమెకు మొగుడుండడు, ఊరి మగవాళ్లుంటారు. పుట్టిన బిడ్డలకు తండ్రి పేరుండదు. ఆ పిల్ల దాదాపు ఎప్పుడూ మాల మాదిగ వాడల పిల్లే, మొదటి హక్కు దాదాపు ఎప్పుడూ దొరదే. దేవత పేరు చెప్పి, ఒక కులపు ఆడపిల్లలను మరొక కులపు మగవాళ్లకు సరఫరా చేసే ఈ ఏర్పాటుకు ఇప్పటి చట్టభాషలో మానవ అక్రమ రవాణా అనే పేరు సరిపోతుంది. మాన్య సంఘం కాలం నుంచీ సభల్లో దానికి వ్యతిరేకంగా తీర్మానాలు చేశారు, కుల పెద్దలను నిలదీశారు, ప్రభుత్వానికి విన్నవించారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసింది 1988లో. ఆయన పుట్టి సరిగ్గా నూరేళ్లు. ఆ తరువాత కూడా నిజామాబాద్‌లో, మా పాలమూరులో జోగినులు మిగిలే ఉన్నారు.

1931లో ఆయన భాగ్యనగర్ అనే పత్రిక ప్రారంభించారు. 1937లో దాని పేరు ఆది హిందూగా మారింది. ఆ భాగ్యనగర్‌లోనే ఆయన వెట్టి మాదిగ అనే రచన ప్రచురించారు. తెలుగులో తొలి దళిత కథగా సాహిత్య చరిత్రకారులు ఇప్పుడు దానిని గుర్తిస్తున్నారు. నాకు ఆ శీర్షిక దగ్గరే చాలాసేపు ఆగాలనిపిస్తుంది. వెట్టి మాదిగ ఒక మనిషి పేరు కాదు, ఒక కొలువు. ఊరికి ఎవరైనా అధికారి వస్తే అతని మూట మోయాలి. పటేలు చీటీ ఇస్తే అందుకుని పక్క ఊరికి పరుగెత్తాలి. దొర మోటకు తోలు కట్టాలి, కాలికి చెప్పులు కుట్టాలి, పశువు చస్తే ఈడ్వాలి, చావైనా పండుగైనా డప్పు కొట్టాలి. మగవాడు లేకపోతే పెళ్లాం, ఆమె బాలింతైతే పిల్లవాడు. వంతు ఇంటిది, మనిషిది కాదు. దొర బిడ్డ అత్తవారింటికి వెళితే సారెతో పాటు ఒక ఆడబాప కూడా వెళ్లేది. ఆ పిల్లకు ఏం రాసిపెట్టి ఉందో అత్తవారింటి మగవాళ్లు నిర్ణయించేవారు.

హైదరాబాద్ నగరం చుట్టూ ఉన్న అత్రాఫె బల్దా జిల్లా సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఆస్తి. రాజు సొంత భూమి కాబట్టి అక్కడ వెట్టి లేదనుకోనక్కర లేదు. 1920లలో మాడపాటి హనుమంతరావు ప్రభృతుల ఆంధ్ర జనసంఘం వెట్టిచాకిరీ మీద కరపత్రాలు వేసింది. అది చేసిన మేలు కాదనను. ఆ కరపత్రాలు వ్యాపారుల మీద, వృత్తికులాల మీద పడే వెట్టిని గురించి బాగా చెప్పాయి. కానీ 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, అంటరానితనం గురించి భాగ్యరెడ్డి వర్మ మాట్లాడబోతే సవర్ణ ప్రతినిధుల్లో కొందరికి అదే మింగుడుపడలేదు. వెట్టి వద్దు, వెట్టి చేసేవాడు వేదిక ఎక్కవద్దు. తెలంగాణ సంస్కరణ చరిత్ర రాసేవారు ఈ రెంటినీ ఒకే పేజీలో రాయాలని నా కోరిక. అదే ఏడాది సెప్టెంబరులో లక్నోలో అఖిల భారత ఆది హిందూ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. రౌండ్ టేబుల్ సమావేశంలో అంటరాని కులాల పక్షాన మాట్లాడే అర్హత అంబేడ్కర్‌దేనని ఆ సభ బలపరిచింది.

ఆయన పరిమితులు చెప్పకపోతే ఇది వ్యాసం కాదు, దండ. ఆయన నగరం మనిషి. రెసిడెన్సీ, కంటోన్మెంటు, రైల్వేల చుట్టూ నాలుగు డబ్బులు చేసుకున్న మాల కుటుంబాలు ఆయన ఉద్యమానికి వెన్నెముక. మాదిగల గురించి ఆయన రాశారు. మాదిగలు మాత్రం ఆ సంఘాల్లో తమ పాలు తక్కువని భావించి, 1931లోనే అరుంధతీయ మహాసభ పేరుతో వేరుపడ్డారు. ఆయన నిజాం ప్రభువుకు విన్నపాలు పంపారే కాని, దొరల గడీల మీదికి జనాన్ని నడిపించలేదు. ఆ పని ఆయన పోయాక 1940లలో సాయుధ పోరాటం చేసింది. మా తాత వెట్టి ఆగింది కూడా అప్పుడే. అయితే గడీ కూలాక మా నాయన గుంపు మేస్త్రి చేతికి ఎలా చిక్కాడన్న ప్రశ్నకు సాయుధ పోరాట చరిత్రలో జవాబు దొరకలేదు. భూమి రాలేదు, బడి రాలేదు, పెళ్లి అప్పు పోలేదు. ఈ మూడింటిలో చివరి రెంటి గురించి భాగ్యరెడ్డి వర్మ పట్టుబట్టారు కనుకనే నేను ఆయన వైపు మళ్లీ చూస్తున్నాను.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆనాటి శిలాఫలకం మీద రాళ్లు కొట్టినవారి పేర్లుండవు, ఉండాలని ఎవరూ ఆశించరు కూడా. పాలమూరు లేబర్ ఈ దేశంలో ఆనకట్టలు కట్టింది, కాలువలు తవ్వింది. హైటెక్ సిటీకీ పునాదులు తవ్వింది. తరువాత ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ కూలీలు వచ్చారు. 2016 డిసెంబరులో నానక్‌రాంగూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోతే, మృతుల స్వస్థలాలుగా విజయనగరం, ఛత్తీస్‌గఢ్ పల్లెలు పత్రికల్లో కనిపించాయి. అప్పటిదాకా ఆ అద్దాల మేడల పక్కనే వారున్నట్టు నగరానికి తెలియదు.

ఈ భవనాలకు ఇటుక కావాలి. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి నగరం చుట్టుపక్కల బట్టీలకు వచ్చే కూలీలను అక్కడ దాదన్ అంటారు. పంటలు ముగిసి నువాఖాయి పండుగ గడిచాక సర్దారు ముందస్తు ఇస్తాడు. ఇచ్చేది మనిషికి కాదు, పథురియాకు. పథురియా అంటే మొగుడు, పెళ్లాం, ఒకరిద్దరు పిల్లలు కలిసిన ఒక పని జట్టు. తడి ఇటుకను ఎండలో తిరగవేయడానికి తక్కువ బరువున్న పిల్లలైతేనే మేలు. పెద్దవాళ్ల అడుగు పడితే ఇటుక విరుగుతుంది. అందువల్ల పిల్ల లేని జట్టుకు ముందస్తు తక్కువ. వారిలో అత్యధికులు దళితులు, ఆదివాసులు. వంతు ఇంటిది, మనిషిది కాదన్న పాత వెట్టి సూత్రం ఇక్కడ కూలి లెక్కగా మారింది. 2013 డిసెంబరులో, ముందస్తు తీసుకుని దారి మధ్యలో ఎదురు తిరిగిన ఇద్దరు ఒడిశా కూలీల చేతులు దళారులు నరికివేశారు. సుప్రీంకోర్టు దానిని తనంతట తానే విచారణకు స్వీకరించింది.

2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బిహార్ పిల్లలను 200 మందికి పైగా పోలీసులు బయటికి తెచ్చారు. 2017 జనవరిలో యాదాద్రి జిల్లా ఇటుక బట్టీల్లో దాదాపు అంతమంది దొరికారు. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్. పోలీసు కమిషనరేట్లు లెక్కలు ప్రకటిస్తాయి. పోలీసుల శ్రమను నేను తక్కువ చేయను. కేసులు ఎక్కువ నమోదు కావడం చిన్న విషయమేమీ కాదు. నా ఫిర్యాదు వేరు. ఆ లెక్కల్లో పిల్లవాడి రాష్ట్రం ఉంటుంది, వయసు ఉంటుంది. కులం ఉండదు, ఇంటి మీద ఉన్న అప్పు ఉండదు. దళారిని పట్టుకుంటారు, పిల్లవాణ్ని రైలు ఎక్కిస్తారు. అప్పు అతని కంటే ముందే ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటుంది.

చట్టం లేక కాదు. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్నీ, బేగార్‌నూ ఒకే వాక్యంలో నిషేధించింది. బేగార్ అంటే మన వెట్టే. ఆ మాటను ఇంగ్లీషు పాఠంలో కూడా అలాగే ఉంచారు. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. కనీస వేతనం కంటే తక్కువకు చేయించే పని కూడా 23వ అధికరణం కిందికే వస్తుందని ఏషియాడ్ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. 1976 చట్టం ప్రకారం విముక్తి పత్రం చేతికి వస్తే పాత అప్పు చెల్లదు. 2016 కేంద్ర పథకం కింద వయోజన పురుషునికి 1 లక్ష, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, మరీ దారుణమైన సందర్భాల్లో 3 లక్షల రూపాయలు పునరావాసంగా రావాలి. కానీ మొత్తం సొమ్ము చేతికి రావడానికి నిందితుడికి శిక్ష పడడంతో ముడిపెట్టారు. మన కోర్టుల సంగతి తెలిసినవారికి ఆ షరతు అర్థమేమిటో వేరే చెప్పనక్కరలేదు. బాలకార్మికుడిగా నమోదైతే ఒక చట్టం, వెట్టి కార్మికుడిగా నమోదైతే మరొకటి. మొదటి దాంట్లో కాగితం పని తక్కువ, అప్పు రద్దయ్యే ఊసు లేదు. అధికారులు ఏది ఎంచుకుంటారో ఊహించడం కష్టం కాదు.

ఇక ఇళ్లలో ఉన్న పిల్లలు. గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండ అపార్ట్‌మెంట్లలో పసిబిడ్డను ఆడించడానికి తెచ్చిన పదేళ్ల పిల్ల ఏ తనిఖీకీ దొరకదు. గేటు దగ్గర రిజిస్టరులో ఆమె పేరు ఉండదు, ఎందుకంటే ఆమె బయటికి వెళ్లదు. బంధువుల అమ్మాయి అని చెబితే అడిగేవారు లేరు. ఆ ఇళ్లలో కొన్నింటిలో అంబేడ్కర్ పటం కూడా చూశాను. సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లోకి వచ్చిన మన పిల్లల గురించి నాకు గర్వం ఉంది. దానితో పాటు ఈ మాట అనే హక్కు కూడా ఉందనుకుంటాను.

భాగ్యరెడ్డి వర్మ పాఠశాలల దగ్గరికి ఇప్పుడు వస్తాను. 1910లో ఇసామియా బజార్‌లో ఒక చిన్న బడితో ఆయన ప్రారంభించారు. క్రమంగా అవి 25కు చేరాయి. రెండు వేలకు పైగా పిల్లలు చదివారు. చందాలు అడిగి నడిపినవి. 1930లలో ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. ఆ బడుల్లో ఒక విశేషం ఉంది. రాజభాష ఉర్దూ, ప్రభుత్వ బడుల్లో బోధన ఉర్దూ. ఆయన బడుల్లో పిల్లలు తెలుగులో చదివారు. వాడలో పిల్లవాడు ఇంట్లో ఏ భాషలో ఏడుస్తాడో ఆ భాషలో అక్షరం నేర్పకపోతే వాడు బడిలో నిలవడని, నిలవని పిల్లవాడి రోజంతా దొరకో షావుకారుకో ఖాళీగా దొరుకుతుందని గ్రహించడానికి పెద్ద సిద్ధాంతం అక్కరలేదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ పిల్లవాడి కాలాన్ని ముందే మరొకరు తీసుకోవాలి. ఆ మరొకరు బడి కావాలి.

తెలంగాణ ఇటుక బట్టీల దగ్గర కొన్ని పని స్థల పాఠశాలలు నడిచాయి. ఒడిశా నుంచి ఒడియా వాచకాలు తెప్పించారు, ఒడియా చెప్పగలవారిని కూర్చోబెట్టారు. బట్టీ సీజను నడిచే ఆరేడు నెలలు బడి, వానలు పడగానే మూత. ఊరికి తిరిగి వెళ్లాక పిల్లలను అక్కడి బడిలో అదే తరగతిలో చేర్చుకునేలా పత్రాలు రాసి ఇచ్చిన చోట్ల, కొందరు మరుసటి ఏడాది తల్లిదండ్రుల వెంట రాకుండా ఆగిపోయారు. ఇంత చిన్న పని అది.

కోకాపేట, నార్సింగి వైపు ఇప్పుడు యాభై అంతస్తుల మేడలు లేస్తున్నాయి. వాటి వెనుక రేకుల షెడ్ల లేబర్ క్యాంపుల్లో భోజ్‌పురీ, ఒడియా, ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లలున్నారు. దగ్గరలోని ప్రభుత్వ బడి తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో నడుస్తుంది. ఆధార్ మరో రాష్ట్రంలో ఉంటుంది. బడి ఈడు పిల్లల లెక్క తీసే సిబ్బంది కాలనీల దగ్గర ఆగుతారు, క్యాంపు గేటు దాటడానికి కాంట్రాక్టరు అనుమతి కావాలి. లోపల పది పన్నెండేళ్ల పిల్ల తమ్ముణ్ని చంకనేసుకుని, తల్లి పని దిగి వచ్చేలోగా బియ్యం కడుగుతుంటుంది. మరో రెండేళ్లకు ఎవరో ఒక మేస్త్రి భార్య, తనకు తెలిసిన ఇంట్లో బిడ్డను చూసుకోవడానికి ఒక పిల్ల కావాలని ఆ తల్లిని అడుగుతుంది.